హైవేలో చార్జర్ల సంఖ్య పెరిగితే సరిపోతుందా? ఎలక్ట్రిక్ కారులో దూరాలు వెళ్లేవాళ్లు చెప్పండి

#1 దారిమిత్ర

అందరికీ నమస్కారం. కారు కొని ఏడాదిన్నర అయింది. రోజూ తిరగడానికి ఇంట్లోనే చార్జింగ్ పెట్టుకుంటాను కాబట్టి ఇన్నాళ్లూ ఏ ఇబ్బందీ పడలేదు. పోయిన వారం అమ్మానాన్నలను తీసుకుని 620 కిలోమీటర్ల ప్రయాణం పెట్టుకున్నాం. బ్యాటరీ 60 యూనిట్లది. దారిలో రెండు చోట్ల ఆగుదామని ముందే అనుకున్నాం.

మొదటి చోట అంతా సాఫీగా జరిగింది. రెండో చోటికి చేరేసరికి చీకటి పడింది, వాన మొదలైంది, బ్యాటరీలో 11 శాతం మిగిలింది. అక్కడ ఉన్నది ఒకే ఒక్క ఫాస్ట్ చార్జర్. గన్ (కారుకు తగిలించే ప్లగ్) పెట్టాను. స్క్రీన్ మీద "వాహనంతో కనెక్ట్ అవుతోంది" అని వచ్చింది, లోపల టక్‌మని చప్పుడైంది, పది సెకన్ల తర్వాత "ఇన్సులేషన్ ఫాల్ట్" అని ఎర్ర అక్షరాలు. తీసి మళ్లీ పెట్టాను. అదే. మూడోసారీ అదే. హెల్ప్‌లైన్‌లో 25 నిమిషాలు లైన్‌లో ఉంచి, "సార్, మాకు ఇక్కడ చార్జర్ బాగానే ఉన్నట్టు కనిపిస్తోంది" అన్నారు. యాప్‌లో కూడా అంతసేపూ పచ్చ చుక్కే.

తర్వాతి చార్జర్ 48 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఉన్న ఆరున్నర యూనిట్లతో వానలో, పెద్దవాళ్లను పెట్టుకుని ఆ సాహసం చేయబుద్ధి కాలేదు. పక్కన ఒక వర్క్‌షాప్ ఆయన దయతలచి తన మామూలు సాకెట్ ఇచ్చాడు. గంటకు సుమారు 3 యూనిట్ల చొప్పున మూడు గంటలు కూర్చున్నాం. నాన్న ఒక్క మాట కూడా అనలేదు, అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

అందుకే అడుగుతున్నాను. ఎక్కడ చూసినా "ఇన్ని వేల చార్జర్లు పెడుతున్నాం" అనే వార్తలే. నాలాంటివాడికి కావలసింది ఎక్కువ చుక్కలున్న మ్యాపా, లేక ఇంకేదైనానా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

#2 సబ్‌స్టేషన్

దారిమిత్ర గారూ, అమ్మానాన్నలు క్షేమంగా చేరారు, అది ముఖ్యం. చార్జర్లు బిగించే పనిలో కొన్నేళ్లు ఉన్నాను కాబట్టి మీ ఫాల్ట్ ఏమిటో చెబుతాను.

డీసీ ఫాస్ట్ చార్జర్ గన్ పెట్టగానే కరెంటు పంపదు. ముందు కారు, చార్జర్ గన్‌లోని ఒక సన్న వైరు మీద మాట్లాడుకుంటాయి: నీ బ్యాటరీ ఎన్ని వోల్టులు, ఎంత కరెంటు తట్టుకుంటావు అని. తర్వాత చార్జర్ కేబుల్‌లోకి కొద్దిసేపు హై వోల్టేజ్ పంపి, ప్లస్ మైనస్ వైర్ల నుంచి ఎర్త్‌కు ఎక్కడైనా లీకేజీ ఉందేమో చూస్తుంది. అంతా పొడిగా, శుభ్రంగా ఉందని తేలితేనే కారులోని కాంటాక్టర్లు (పెద్ద స్విచ్‌లు) మూసుకుంటాయి, చార్జింగ్ మొదలవుతుంది. మీ గన్ నోట్లోకి వాన నీళ్లు చేరినట్టున్నాయి, లేదా ఆ కేబుల్ అప్పటికే దెబ్బతిని ఉండాలి. అది ఆగిపోవడం తప్పు కాదు, మనిషి ప్రాణం కోసమే ఆగుతుంది. తప్పు ఎక్కడంటే, గన్‌కు హోల్డర్ సరిగా లేక అది ఆకాశం వైపు నోరు తెరుచుకుని ఉండటం, పైన కప్పు లేకపోవడం. అలాంటప్పుడు గన్‌ను కిందికి వంచి నీళ్లు కారిపోనివ్వండి. లోపల గుడ్డ గానీ వేలు గానీ పెట్టొద్దు.

పచ్చ చుక్క సంగతి: చార్జర్ తన ఆఫీసు సర్వర్‌కు ఓసీపీపీ అనే పద్ధతిలో సమాచారం పంపుతుంది. "నేను ఆన్‌లో ఉన్నాను, నన్నెవరూ వాడటం లేదు" అని చెబితే సర్వర్ దాన్ని "ఖాళీ" అని రాసుకుంటుంది. దానికి తెలిసింది అంతే. నిజంగా కరెంటు వస్తుందా లేదా అనేది ఎవరైనా గన్ పెట్టేదాకా బయటపడదు.

#3 పాతడీజిల్

నేను ఇంకా డీజిల్ బండే నడుపుతున్నాను, ఈ మధ్యే ఎలక్ట్రిక్‌కు మారాలని ఆలోచిస్తున్నాను. వాదన పెట్టుకోవడానికి రాయడం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నా. నేను దూర ప్రయాణంలో బంకు గురించి ఆలోచించనే ఆలోచించను. ముల్లు తగ్గితే ఏదో ఒక బంకు తగులుతుంది, ఐదు నిమిషాల్లో బయటపడతాను. ఒక పంపు పాడైతే పక్క పంపు ఉంటుంది. దారిమిత్ర గారు చెప్పిందాంట్లో నన్ను భయపెట్టింది చార్జర్ పాడవడం కాదు, అక్కడ ఒక్కటే ఉండటం.

#4 చిన్నబ్యాటరీ

పాతడీజిల్ గారూ, అసలు విషయం మీరే పట్టుకున్నారు.

నాది పాత మోడల్, బ్యాటరీ 30 యూనిట్లది, ఫాస్ట్ చార్జర్ దగ్గర ఎంత తోసినా 50 కిలోవాట్లకు మించి తీసుకోదు. కాబట్టి 350 కిలోవాట్ల చార్జర్ ప్రారంభం అని రిబ్బన్ కత్తిరిస్తే నాకు ఒరిగేదేమీ లేదు. నాకు కావలసింది దగ్గరదగ్గరగా ఉండటం. హైవేలో నిజంగా 150 కిలోమీటర్లు వస్తే గొప్ప. పది శాతం భయానికి, నెమ్మదిగా ఎక్కే పై ఇరవై శాతాన్ని వదిలేస్తే చేతిలో ఉండేది వంద.

పెద్ద బ్యాటరీలవాళ్లు "150 కిలోమీటర్లకు ఒక పెద్ద హబ్ (చాలా చార్జర్లున్న చోటు) చాలు" అంటుంటారు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ల చేతికి వచ్చేవి నా కారులాంటివే. మమ్మల్ని వదిలేసి నెట్‌వర్క్ కట్టొద్దని నా మనవి.

#5 లెక్కలపుస్తకం

ఒక చిన్న లెక్క చెబుతాను, చర్చకు పనికొస్తుంది.

ఒక చార్జర్ 97 శాతం సమయం పనిచేస్తుంది అనుకుందాం. వినడానికి బాగుంది కదా. అంటే ఏడాదిలో దాదాపు 11 రోజులు పనిచేయదు. ఇప్పుడు మీ దారిలో ఐదు చోట్ల ఆగాలి, ప్రతి చోటా ఒక్కటే చార్జర్ ఉంది. ఐదూ పనిచేస్తూ దొరికే అవకాశం 0.97ను ఐదుసార్లు గుణిస్తే వచ్చేది: 86 శాతం. అంటే ఏడు ప్రయాణాలు చేస్తే ఒకదాంట్లో ఎక్కడో ఒకచోట చిక్కుకుంటారు. చార్జర్లు 90 శాతమే పనిచేస్తుంటే ఆ అవకాశం 59కి పడిపోతుంది. పదింటిలో నాలుగు ప్రయాణాలు పాడు.

ఇప్పుడు అదే 90 శాతం చార్జర్లను చోటికి రెండేసి పెట్టండి. ఒక చోట రెండూ ఒకేసారి చెడిపోయే అవకాశం నూటికి ఒకటి. ఐదు చోట్లకూ కలిపి 95 శాతం. నాసిరకం చార్జర్లు రెండేసి పెట్టినా, మంచి చార్జర్లు ఒక్కొక్కటి పెట్టిన దానికంటే మేలు. 97 శాతంవి రెండేసి పెడితే 99.5 శాతం.

దారిమిత్ర గారు అడిగిన దానికి నా జవాబు ఇదే: చుక్కలు పెంచడం కాదు, ఒక్కో చుక్కలో గన్‌లు పెంచాలి.

#6 సబ్‌స్టేషన్

లెక్క బాగుంది. కాకపోతే రెండు చార్జర్లూ వేటికవే చెడిపోతాయి అన్నది అన్నిసార్లూ నిజం కాదు. రెండింటికీ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటే, ఇంటర్నెట్ సిమ్ ఒకటే, పేమెంట్ సర్వర్ ఒకటే. ఏది పోయినా రెండూ పోతాయి. రాగి కోసం కేబుల్స్ కోసుకుపోయే దొంగలు కూడా ఒకటి కోసి రెండోది వదలరు.

ఇంకో సంగతి. ఒకే పెట్టెకు రెండు గన్‌లుంటే అవి రెండు చార్జర్లు కావు. లోపలి పవర్ మాడ్యూళ్లు ఒకటే. 120 కిలోవాట్ల పెట్టెకు రెండు కార్లు తగిలిస్తే చాలా వాటిలో చెరి 60 వస్తుంది. "2 గన్‌లు" అని యాప్‌లో చూసి మోసపోవద్దు.

#7 దారిమిత్ర

ఆ 60 లెక్క నాకు మొదటి స్టాప్‌లో ఎదురైంది! నేను పెట్టినప్పుడు 98 కిలోవాట్లు చూపిస్తోంది, పక్కన ఇంకో కారు వచ్చి పెట్టగానే 60కి పడింది. కారులో ఏదో తేడా వచ్చిందని టెన్షన్ పడ్డాను. 15 నుంచి 80 దాకా 39 యూనిట్లు ఎక్కాలి, 25 నిమిషాల్లో అయ్యేది 40 నిమిషాలు పట్టింది. ఇప్పుడు అర్థమైంది.

#8 నియమావళి

నిబంధనలు ఏం చెబుతున్నాయో ఒకసారి చూద్దాం, ఎందుకంటే లెక్కలపుస్తకం గారు చెప్పిన సంగతిని కొన్ని ప్రభుత్వాలు చట్టంలోనే రాసుకున్నాయి.

యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన నిబంధన (దాన్ని ఏఎఫ్ఐఆర్ అంటారు) ప్రకారం ప్రధాన రహదారుల మీద ప్రతి 60 కిలోమీటర్లకు, రెండు దిశల్లోనూ, చార్జింగ్ స్థలం ఉండాలి. 2025 చివరికి ఒక్కో స్థలంలో మొత్తం 400 కిలోవాట్లు, అందులో కనీసం ఒకటి 150 కిలోవాట్లది. 2027 చివరికి మొత్తం 600, కనీసం రెండు 150వి. గమనించండి, లక్ష్యాన్ని చార్జర్ల సంఖ్యలో కాదు, దూరంలోనూ ఆ చోట ఉన్న మొత్తం పవర్‌లోనూ చెప్పారు. నాకు నచ్చింది అదే.

అమెరికాలో 2021 చట్టం కింద హైవే చార్జర్లకు 500 కోట్ల డాలర్లు కేటాయించారు. 2023 నాటి నిబంధనల్లో 50 మైళ్లకు ఒక చోటు, ప్రతి చోటా ఒకేసారి 150 కిలోవాట్లు ఇవ్వగల పోర్టులు నాలుగు, 97 శాతం అప్‌టైమ్ (చార్జర్ పనిచేస్తూ ఉండే సమయం) అని రాశారు. ఆ 97లో ఒక మెలిక ఉంది: గ్రిడ్ కరెంటు పోవడం, ముందే చెప్పి చేసే మరమ్మతులు, ధ్వంసం చేయడం, ప్రకృతి వైపరీత్యాలు లెక్కలోకి రావు. కాగితం మీద 97 ఉన్నచోట కారులో కూర్చున్నవాడికి అంతకంటే తక్కువే దొరుకుతుంది.

దీనికి ముందు కంపెనీలు సొంతంగా చేసినవి ఉన్నాయి. 2012లో టెస్లా ఆరు స్టేషన్లతో మొదలుపెట్టినప్పుడే ఒక చోట ఒకటి కాకుండా వరసగా కొన్ని స్టాళ్లు పెట్టింది. ఎన్ని ఖాళీగా ఉన్నాయో కారు స్క్రీన్ మీదే చూపించే ఏర్పాటు తర్వాత వచ్చింది. 2017లో కొన్ని కార్ల కంపెనీలు కలిసి యూరప్‌లో అయోనిటీ అనే చార్జింగ్ నెట్‌వర్క్ పెట్టి 350 కిలోవాట్ల వరకు వెళ్లాయి. గెలిచినవాళ్లు ఎవరైనా చోటికి ఒక్కటి పెట్టి గెలవలేదు.

#9 రాత్రిప్రయాణం

ఇంతవరకు ఎవరూ ఎత్తని మాట ఒకటి చెబుతాను. నేను ఉద్యోగం పనిమీద తరచుగా ఒంటరిగా నడుపుతాను, చాలాసార్లు రాత్రిపూట.

ఒకసారి మ్యాప్ చూపించిన చార్జర్ ఒక మూసేసిన భవనం వెనక ఉంది. ఒక్క లైటు లేదు. కారు హెడ్‌లైట్లు ఆపితే ఏమీ కనపడదు, ఆపకపోతే బ్యాటరీ తింటుంది. ఫోన్ టార్చ్ వేసి ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఆ లావు కేబుల్ ఎత్తాను. అది బరువు, పైగా నేల మీద పడేసి ఉండటంతో నిండా బురద. నా కారుకు పోర్టు వెనక కుడివైపు. కేబుల్ అందలేదు. మళ్లీ కారు తిప్పి రివర్స్‌లో పెట్టాను. అప్పుడు యాప్ "కొత్త వెర్షన్ డౌన్‌లోడ్ చేసుకోండి" అంది. సిగ్నల్ ఒక గీత. డౌన్‌లోడ్ అయ్యాక లాగిన్, దానికి ఓటీపీ, అది రాదు. పదిహేను నిమిషాలు ఆ చీకట్లో, ఫోన్ వెలుగు ముఖం మీద పడుతూ, చుట్టూ ఎవరున్నారో నాకు కనపడకుండా, నేను మాత్రం అందరికీ కనపడుతూ నిలబడ్డాను. చార్జింగ్ పెట్టకుండానే వెళ్లిపోయాను. ఆ చార్జర్ పనిచేస్తుందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఏ అప్‌టైమ్ లెక్కలోనూ నా ఆ రాత్రి ఉండదు.

వెలుతురు, కప్పు, మనుషుల అలికిడి, తెరిచి ఉన్న బాత్రూమ్. ఇవి సౌకర్యాలు కావు, చార్జర్‌లో భాగమే. వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఆ కేబుల్ ఎలా ఎత్తుతారు? గట్టు మీద బిగించిన చార్జర్ స్క్రీన్ వాళ్లకు ఎలా అందుతుంది?

#10 దారిమిత్ర

రాత్రిప్రయాణం గారూ, చదువుతుంటే ఆ రోజు మా అమ్మ గుర్తొచ్చింది. బాత్రూమ్ ఎక్కడుందని అడగలేక మూడు గంటలు నీళ్లు కూడా తాగలేదు. తర్వాత చెప్పింది. మీరు అన్నది అక్షరాలా నిజం.

#11 నియమావళి

పేమెంట్ విషయంలో ఒక మార్గం ఉంది. పైన చెప్పిన యూరప్ నిబంధనలోనే, 2024 ఏప్రిల్ 13 తర్వాత పెట్టే 50 కిలోవాట్లు, ఆ పైన చార్జర్లన్నీ మామూలు బ్యాంకు కార్డు తాకిస్తే పనిచేయాలి, సభ్యత్వం అడగకూడదు, యూనిట్ ధర ముందే కనపడాలి అని ఉంది. ఇంకా హాయి అయినది ప్లగ్ అండ్ చార్జ్. ఐఎస్ఓ 15118 అనే ప్రమాణం ప్రకారం కారే తన డిజిటల్ సర్టిఫికెట్ చూపించి డబ్బు కట్టేస్తుంది. గన్ పెట్టి లోపల కూర్చోవడమే. దీనికి కారు, చార్జర్, నెట్‌వర్క్ మూడూ ఒప్పుకోవాలి.

#12 పాతడీజిల్

ఇన్ని తెలిశాక ఒకటి అడుగుతాను. రోడ్ల పక్కన ఒక్కొక్కటే ఎందుకు పెడుతున్నారు మరి? పెట్టేవాడికి ఈ లెక్కలు తెలియవా?

#13 సబ్‌స్టేషన్

తెలుసు. డబ్బే అడ్డం వస్తుంది. కొంచెం వివరంగా రాస్తాను.

నాలుగు 150 కిలోవాట్ల చార్జర్లు అంటే 600 కిలోవాట్లు. ఊరికి దూరంగా, పొలాల మధ్య హైవే పక్కన అంత లోడ్ ఇచ్చే లైను ఉండదు. దూరం నుంచి హై టెన్షన్ లైను లాగాలి, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. విద్యుత్ సంస్థ అనుమతికి, సామాను రావడానికి నెలలు పడుతుంది. చార్జర్ పెట్టె బిగించడం అందులో చిన్న పని. ఒక చోట అన్నీ సిద్ధం చేసి కరెంటు కోసమే ఎదురుచూస్తూ కూర్చున్నాం, బోల్టులు తుప్పు పట్టేదాకా.

తర్వాత బిల్లు. చాలా చోట్ల వాడిన యూనిట్లకే కాదు, ఆ నెలలో ఒక్క పదిహేను నిమిషాలపాటు గరిష్ఠంగా ఎంత లాగామో దానికీ కట్టాలి. దాన్ని డిమాండ్ చార్జీ అంటారు. పండగ రోజు ఒకేసారి నాలుగు కార్లు వచ్చి 500 కిలోవాట్లు లాగితే, మిగతా నెలంతా ఖాళీగా ఉన్నా ఆ భారం మోయాలి. రోజుకు మూడు కార్లు వచ్చే చోట ఆ లెక్క కుదరదు. అందుకని చిన్న లోడుతో ఒకటి పెట్టి, కార్లు పెరిగాక చూద్దాం అనుకుంటారు. ఒకటే ఉంది కాబట్టి జనం నమ్మరు, రారు. రారు కాబట్టి పెంచరు.

ఇప్పుడు ఒక దారి దొరికింది. స్థలంలోనే పెద్ద బ్యాటరీ పెట్టడం. ఉదాహరణకు 50 కిలోవాట్ల చిన్న కనెక్షన్, 200 యూనిట్ల బ్యాటరీ అనుకోండి. గంటలో నాలుగు కార్లు వచ్చి తలా 35 యూనిట్లు నింపుకుంటే 140. అందులో 50 లైను నుంచి, 90 బ్యాటరీ నుంచి. కార్లు లేని సమయంలో రెండు గంటల్లో బ్యాటరీ మళ్లీ నిండుతుంది. మామూలు రోజులకు ఇది చక్కగా సరిపోతుంది. కానీ రోజంతా వరసగా కార్లు వస్తే బ్యాటరీ ఖాళీ అయిపోతుంది, ఇక మిగిలేది ఆ 50 కిలోవాట్లే. రోజు మొత్తం మీద 1200 యూనిట్లు, అంటే 34 కార్లు. అందుకని నేను ఎప్పుడూ చెప్పేది ఒకటే. మొదటి రోజు రెండు చార్జర్లే పెట్టినా, భూమిలో కేబుల్ పైపులు మాత్రం ఎనిమిదింటికి వేయండి. తర్వాత కాంక్రీటు పగలగొట్టడానికే ఎక్కువ ఖర్చు.

#14 చిన్నబ్యాటరీ

పైన సోలార్ కప్పు వేస్తే? వాన నుంచి గన్‌కు, ఎండ నుంచి మనకు నీడ కూడా దొరుకుతుంది కదా.

#15 లెక్కలపుస్తకం

వేయాల్సిందే, కానీ నీడ కోసం వేయండి. ఒక కారు నిలిపే జాగా సుమారు పన్నెండున్నర చదరపు మీటర్లు. దాని మీద రెండున్నర కిలోవాట్ల ప్యానెళ్లు పడతాయి. మంచి ఎండ కాసే చోట రోజుకు పది యూనిట్లు. ఒక కారు ఒకసారి ఆగితే నింపుకునేది 30, 40 యూనిట్లు. అంటే ఆ కప్పు మూడు నాలుగు రోజులు కష్టపడితే ఒక కారు వెళుతుంది. చార్జర్ స్క్రీన్, లైట్లు, కెమెరాలు మాత్రం దాంతో నిశ్చింతగా నడుస్తాయి. రాత్రిప్రయాణం గారికి కావలసిన వెలుతురు అక్కడినుంచి వస్తుంది.

#16 నిండుకుండ

నేను కొంచెం కోపంగానే రాస్తున్నాను, మన్నించండి. 80 శాతం దాటాక గన్ తీయనివాళ్లను ప్రతి గ్రూపులో తిడుతుంటారు. నేను ఆ తీయనివాణ్ణే. మొన్న వెనక మూడు కార్లు ఉండగా 97 దాకా కూర్చున్నాను. నాకు ఇష్టమై కాదు. 80 తర్వాత బ్యాటరీ కరెంటు తగ్గించుకుంటుందని, చివరి ఇరవైకి పట్టే సమయం అంతకుముందు ఎక్కిన చాలా భాగానికి పట్టినంత ఉంటుందని నాకూ తెలుసు. కానీ తర్వాతి స్టేషన్ 130 కిలోమీటర్లు, అక్కడ ఉన్నది ఒక్కటే, వారం కిందట అది పాడై ఉంది. వెనక సీటులో ఆరు నెలల పాప. 80తో బయల్దేరి అది పనిచేయకపోతే నేనేం చేయాలి?

#17 రాత్రిప్రయాణం

మీ స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని.

#18 పాతడీజిల్

బంకు మీద నమ్మకం ఉంది కాబట్టే నేను ఎప్పుడూ ఫుల్ ట్యాంక్ కొట్టించను. మీరు 97 దాకా కూర్చోవడానికి కారణం ముందున్న స్టేషన్. వెనకున్న మూడు కార్లకు ఆలస్యం చేసింది మీరు కాదు, 130 కిలోమీటర్ల అవతల ఉన్న ఆ ఒక్క చార్జర్.

#19 లెక్కలపుస్తకం

పాతడీజిల్ గారూ, ఈ చర్చలో నాకు నచ్చిన మాట అది. ముందున్న చోట నాలుగు ఉంటే ఇక్కడ నాలుగింటి పని రెండింటితో జరిగిపోతుంది, ఎందుకంటే ఎవరూ అవసరానికి మించి కూర్చోరు.

ఇంకొకటి కలుపుతాను. నాలుగు చోట్ల ఒక్కొక్కటి ఉంటే, ఒకచోట ఇద్దరు ఎదురుచూస్తుంటారు, ఇంకోచోట గన్ ఖాళీగా వేలాడుతుంటుంది. ఆ ఖాళీ ఈ ఇద్దరికీ పనికిరాదు. నాలుగూ ఒకేచోట ఉంటే ఏది ఖాళీ అయితే అది తర్వాతివారికి. అదే సంఖ్య, క్యూ మాత్రం బాగా తగ్గిపోతుంది.

#20 చిన్నబ్యాటరీ

మళ్లీ అక్కడికే వచ్చాం. నాలుగూ ఒకచోట చేరిస్తే మధ్యలో మేం ఆగిపోతాం.

#21 సబ్‌స్టేషన్

మీ మాట కాదనను. పెద్ద హబ్‌ల మధ్యలో 50, 60 కిలోవాట్లవి రెండేసి పెట్టాలి. మీ కారుకు అవి చాలు, వాటికి భారీ లైను అక్కర్లేదు, కాబట్టి తొందరగా పెట్టొచ్చు. పెద్ద బ్యాటరీవాళ్లకు అవే ఆపద్ధర్మంగా ఉంటాయి. దారిమిత్ర గారికి ఆ 48 కిలోమీటర్ల మధ్యలో అలాంటి జంట ఒకటి ఉంటే వర్క్‌షాప్‌లో కూర్చునే పని లేదు.

ఈలోగా మనం చేయగలిగింది ఒకటి. చార్జ్ తక్కువైతే వేగం తగ్గించండి. గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది. 100లో ఉన్నదానికంటే 120లో అది 44 శాతం ఎక్కువ. 120 నుంచి 90కి దిగితే దాదాపు సగానికి పడుతుంది. చలి ప్రదేశాల్లో ఉన్నవాళ్లు చార్జర్‌ను కారు నావిగేషన్‌లోనే గమ్యంగా పెట్టుకోండి. చాలా కార్లు చేరేలోపు బ్యాటరీని వెచ్చబెడతాయి. చల్లటి బ్యాటరీ ఎంత పెద్ద చార్జర్ పెట్టినా నెమ్మదిగానే తీసుకుంటుంది.

#22 మజిలీ

నాకు రెండు రోజుల ప్రయాణాలు ఎక్కువ. రాత్రి ఆగే లాడ్జిలో 7 కిలోవాట్ల మామూలు చార్జర్ ఉంటే చాలు, పది గంటల్లో 70 యూనిట్లు. పొద్దున నిండు బ్యాటరీతో బయల్దేరతాను. ఆ రోజు ఒక ఫాస్ట్ చార్జర్ స్టాప్ తప్పుతుంది. హైవే నెట్‌వర్క్ అంటే ఫాస్ట్ చార్జర్లే అనుకుంటున్నాం, దారిలో ఉన్న ప్రతి లాడ్జి పార్కింగ్‌లో పది చిన్న చార్జర్లు పెడితే హైవే మీద క్యూ దానంతటదే తగ్గుతుంది.

#23 భారీబండి

లారీల గురించి ఎవరూ మాట్లాడలేదు. వాటికి మెగావాట్ చార్జింగ్ సిస్టమ్ అని ప్రత్యేక ప్రమాణం ఉంది, 3.75 మెగావాట్ల దాకా. ఆ లైను ఎలాగూ లాగాలి. లారీలకోసం లాగిన లైనులోంచే కార్ల హబ్‌కు కొంత ఇస్తే సబ్‌స్టేషన్ గారు చెప్పిన కరెంటు సమస్య చాలా చోట్ల తీరుతుంది. ఇంకో మనవి: ట్రైలర్ కట్టుకున్నవాళ్లు రివర్స్ చేయకుండా ఒక పక్క నుంచి వచ్చి ఇంకో పక్కకు వెళ్లేలా కనీసం ఒక బే (బండి నిలిపే జాగా) ఉంచండి.

#24 దారిమిత్ర

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఇంత వివరంగా చెబుతారని అనుకోలేదు.

మీ మాటలన్నీ కలిపి ఆ చార్జర్ నడిపే కంపెనీకి నిన్న ఉత్తరం రాశాను. తిట్టలేదు. తేదీ, సమయం, స్క్రీన్ ఫొటో పెట్టి నాలుగు అడిగాను. గన్‌కు నోరు కిందికి ఉండే హోల్డర్, పైన కప్పు. రెండో చార్జర్, అదే పెట్టెకు రెండో గన్ కాదు, వేరే పెట్టె. యాప్‌లో పచ్చ చుక్కకు బదులు "చివరిసారి విజయవంతంగా చార్జ్ అయింది ఎన్ని గంటల కిందట" అని చూపించడం. రాత్రంతా ఒక లైటు.

#25 సబ్‌స్టేషన్

మూడోది బంగారం లాంటి మాట. దానికి కొత్త సామాను అక్కర్లేదు, ఆ సమాచారం వాళ్ల సర్వర్లో ఇప్పటికే ఉంది. చూపించాలనే మనసుంటే చాలు.

#26 నిండుకుండ

నాకు ఆ ఒక్క ముక్క కనపడి ఉంటే ఆ రోజు 80 దగ్గరే గన్ తీసేవాణ్ణి.

#27 రాత్రిప్రయాణం (మూడు వారాల తర్వాత)

దారిమిత్ర గారూ, నిన్న రాత్రి మీ చార్జర్ ఉన్న దారినే వచ్చాను, మీ కోసం ఆగి చూశాను. కప్పు ఇంకా లేదు. గన్‌కు కొత్త హోల్డర్ బిగించారు, నోరు కిందికే ఉంది. స్తంభానికి ఒక ఎల్‌ఈడీ లైటు పెట్టారు, స్క్రీన్ చదవడానికి ఫోన్ టార్చ్ అక్కర్లేకపోయింది. పక్కన సిమెంటు దిమ్మె ఒకటి కొత్తగా పోశారు, నాలుగు బోల్టులు పైకి తేలి ఉన్నాయి, వాటికి ప్లాస్టిక్ కవర్ చుట్టారు. మొదటిసారే కనెక్ట్ అయింది. 22 నుంచి 70 దాకా పెట్టుకుని బయల్దేరాను. వర్క్‌షాప్ ఆయన ఇంకా తెరిచే ఉంచాడు, మీ గురించి అడిగాడు. నాన్నగారు ఎలా ఉన్నారని అడగమన్నాడు.